చవుడు, కొఠారు, జాడి: వేంపల్లె పరిసర సీమలో నిల్వ ఆహారపు ఉప్పు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆహారాన్ని చెడకుండా నిలిపే ద్రవ్యాలలో ఉప్పు అతి ప్రాచీనమైనది, అతి సామాన్యమైనది. కడప జిల్లా వేంపల్లె పరిసరాలను ఆధారంగా చేసుకొని, దత్తమండలాలలో ఈ ఉప్పు ఎక్కడినుంచి వచ్చింది, ఎవరు తయారుచేశారు, ఎవరు మోసుకొచ్చారు, ఏ ఉప్పును రాజ్యం అనుమతించింది, దేనిని నేరంగా ప్రకటించింది అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉప్పు మంచిచెడ్డలను గురించి పాలకులు వేసిన ప్రశ్న ఒకటి, వంటింటికి అవసరమైన ప్రశ్న మరొకటి. ఈ రెండూ రెండు శతాబ్దాలపాటు దాదాపు కలవలేదన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: చవుటి ఉప్పు, దత్తమండలాలు, ఉప్పరులు, ఎరుకలవారు, ఉప్పు పన్ను, ఊరగాయ, ఆహార సంరక్షకాలు.

1. నిల్వ చేసుకోక తప్పని సీమ

పాపాఘ్ని నది గండి కనుమను చీల్చుకొని మైదానంలోకి దిగిన తరువాత వచ్చే పెద్ద ఊరు వేంపల్లె. వాన నమ్మకం లేని మెట్టసీమ ఇది. పండిన ఏడు దాచుకోవడం, పండని ఏడు దాచినది తినడం ఇక్కడి జీవనపద్ధతి. గింజను పాతరలో, గాదెలో దాచవచ్చు. కాయకూరలకు, మాంసానికి ఆ వీలు లేదు. వాటికి ఎండ ఒక ఆధారం, ఉప్పు మరొక ఆధారం.

రాయలసీమ ఇళ్లలో ఉప్పుతో నిలిపే పదార్థాల జాబితా చిన్నదేమీ కాదు. పచ్చి చింతకాయను ఉప్పు, పసుపు చేర్చి రోట్లో దంచి జాడికెత్తిన తొక్కు ఏడాది పొడవునా సంగటిలోకి పనికివస్తుంది. గింజ తీసిన కొత్త చింతపండును కల్లుప్పు చల్లి కుండలో అదిమిపెడతారు. మజ్జిగలో ఉప్పువేసి ఊరబెట్టి ఎండించిన చల్లమిరపకాయలు, నిమ్మకాయ ఊరగాయ, మామిడికాయ ఊరగాయ, ఉప్పు పసుపు పట్టించి దండెం మీద ఎండించిన మాంసపు ఉప్పుకండలు – ఇవన్నీ కొరత రోజుల కూడు. వీటిని రుచికోసం చేసుకొనే ఉపాహారాలుగా చూడడం పట్టణపు దృష్టి. కూర కొనలేని ఇంట్లో, కూర దొరకని ఎండాకాలంలో, సంగటి ముద్దను గొంతు దిగేటట్లు చేసినది జాడిలోని తొక్కు.

ఉప్పు చేసే పని ఇక్కడ స్పష్టంగా గుర్తించాలి. అది సూక్ష్మజీవులను విషంలాగా చంపదు. వాటికి అందవలసిన నీటిని అందకుండా చేస్తుంది. 100 గ్రాముల సంతృప్త ఉప్పునీటిలో దాదాపు 26 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఆహారశాస్త్రం 'నీటి క్రియాశీలత' అని పిలిచే కొలత శుద్ధ జలానికి 1 అయితే, సంతృప్త ఉప్పునీటికి 0.75. ఆహారాన్ని కుళ్లజేసే బాక్టీరియాలలో అధికభాగం 0.91కి దిగువన పెరగలేవు. ప్రాణాంతకమైన బొటులిజం విషాన్ని తయారుచేసే సూక్ష్మజీవి నీటిభాగంలో దాదాపు 10 శాతం ఉప్పు ఉంటే పెరగదు. స్టెఫిలోకాకస్ మాత్రం మొండిది; 0.86 వరకూ తట్టుకుంటుంది. బూజులు ఇంకా దిగువకు పోగలవు. అందువల్లనే ఉప్పుతోపాటు చింత, నిమ్మల పులుపు, ఎండ, పైన నూనెమట్టం అన్నీ కలిసి పనిచేయవలసి వస్తుంది. తడి చెయ్యి జాడిలో పెట్టనివ్వని పెద్దల కట్టడిని మడి ఆచారంగా మాత్రమే వ్యాఖ్యానించిన రచనలున్నాయి. తడి తగిలినచోట ఉప్పు పలచబడి బూజుకు తావిస్తుందన్న భౌతిక కారణం ఆ వ్యాఖ్యానాలలో సాధారణంగా కనిపించదు.

ఇంత కీలకమైన ద్రవ్యం ఈ సీమలోకి సముద్రతీరంనుంచి రావాలి, లేదా ఈ నేలలోంచే పుట్టాలి. చరిత్ర ఈ రెండు మార్గాల మధ్యనే నడిచింది.

2. రాతిలో ముద్ర, మట్టిలో ఉప్పు

వేంపల్లె పేరు భూశాస్త్రంలో స్థిరపడినది. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసముదాయాలపై వెలువరించిన గ్రంథంనుంచి నేటివరకు ఇక్కడి సున్నపురాళ్లు, డోలమైట్లు, పలకరాళ్ల వరుసకు ఈ ఊరి పేరే వాడుకలో ఉంది. తుమ్మలపల్లె యురేనియం నిక్షేపం ఈ శ్రేణిలోనిదే. సుమారు 190 కోట్ల సంవత్సరాల కిందటి ఈ శిలల్లో, లోతులేని ఉప్పునీటి మడుగులు ఎండినప్పుడు ఏర్పడిన ఉప్పు స్ఫటికాల ముద్రలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఉప్పు ఏనాడో కరిగిపోయింది; దాని ఘనాకారం మాత్రం రాతిలో నిలిచింది. అయితే ఈ ప్రాచీన ముద్రలకూ, పొలాల్లో తెల్లగా పొంగే చవుడుకూ సంబంధం కల్పించడం సరికాదు. చవుడు నేటి వాతావరణం పుట్టించేది. నీరు ఇంకి బయటికి పోయే దారిలేని పల్లపు నేలల్లో భూగర్భజలం పైకి పాకి, ఎండకు ఆవిరై, తనలోని లవణాలను పైపొరమీద వదిలిపెడుతుంది.

ఈ చవుడు ఒకే పదార్థం కాదు. వంట ఉప్పు, సోడియం సల్ఫేటు, బట్టలుతకడానికి చాకలివారు వాడిన సోడా, పాత ఊరిదిబ్బల దగ్గరైతే పెట్లుప్పు – ఒక్కొక్క చోట ఒక్కొక్క పాళ్లలో కలిసి ఉంటాయి. ఏ నేల ఉప్పుకు, ఏ నేల ఉతుకుకు, ఏ దిబ్బ తుపాకిమందుకు పనికివస్తుందో నాలుకతో, చేతితో, అనుభవంతో తేల్చగల నైపుణ్యం ఒక వృత్తిసమాజానిది. వారు ఉప్పరులు. వృత్తినుంచే ఏర్పడిన ఈ కులనామం, రాయలసీమ జిల్లాల్లో పదేపదే కనిపించే ఉప్పరపల్లె అన్న ఊరిపేరు, ఒకప్పటి ఆ వృత్తి విస్తృతికి సాక్ష్యాలు. తమను సగర చక్రవర్తి వంశీయులుగా చెప్పుకొనే ఈ సమాజం నేడు ప్రభుత్వ జాబితాలో 'సగర (ఉప్పర)' పేరుతో ఉంది.

వారి పద్ధతి సరళమైనది. ఎత్తయిన మట్టిదిబ్బ మీద గుండ్రని తొట్టెలు కట్టి, అడుగున రంధ్రం ఉంచేవారు. గోకి తెచ్చిన చవుటి మట్టిని అందులో నింపి నీళ్లు పోస్తే ఉప్పునీరు వడిసి కింది గుంటలో చేరుతుంది. దానిని మెత్తిన చదును మళ్లలో ఎండబెడితే ఉప్పు గడ్డకడుతుంది. ఆంగ్లేయుల పత్రాలు ఈ దిబ్బలను 'మోడ' అన్న మాటతో నమోదు చేశాయి. ఏటేటా వాడేసిన మట్టి చేరి దిబ్బ పెరుగుతూ పోయేది. తీరపు ఉప్పుతో పోలిస్తే ఇది ముదురు రంగుది, కొంత చేదైనది, చౌకైనది. పేదలు, పశువులు దీని ప్రధాన వినియోగదారులు.

3. కొఠారు ఉప్పు లోపలికి రావడం

1800లో నిజాం ఈ మండలాలను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో 1807 వరకూ వీటికి ప్రధాన కలెక్టరు. 1805లో మద్రాసు రాజధానిలో కంపెనీ ఉప్పుపై గుత్తాధిపత్యం ఏర్పరచుకొని గార్సెకు 70 రూపాయల ధర నిర్ణయించింది. గార్సె అంటే 120 మణుగులు. 1844 నాటికి ఆ ధర 120 రూపాయలు, అంటే మణుగుకు రూపాయి. ఈ గుత్తాధిపత్యం ప్రధానంగా తీరపు ఉప్పుమళ్లమీద, అక్కడి కొఠార్లమీద ఆధారపడినది. దత్తమండలాల చవుటి ఉప్పు దాని పరిధికి వెలుపల చాలాకాలం బతికింది.

కొఠారు ఉప్పును లోపలి సీమకు మోసినవారు లంబాడీలు, ఎరుకలవారు. ఎద్దులమీద, గాడిదలమీద ఉప్పు తెచ్చి, ఊరూరా ధాన్యానికి మార్చి, ఆ ధాన్యంతో తిరిగి తీరానికి పోయేవారు. ఎరుకలలో 'ఉప్పు ఎరుకల' అన్న శాఖాభేదమే ఉంది. మద్రాసునుంచి రాయచూరుకు పోయే రైలుమార్గం కడప మీదుగా 1871 నాటికి పూర్తయింది. ఉప్పు బస్తా బండి ఎక్కింది. వేంపల్లెకు దగ్గరలోని కమలాపురం, యర్రగుంట్ల ఇప్పుడు రైలుస్టేషన్లు. ఎద్దుల బిడారుకు అక్కడ పనిలేదు.

సాధారణంగా రైలు రాకను చవకదనానికి పర్యాయంగా చెప్పుకుంటారు. ఉప్పు విషయంలో జరిగింది వేరు. తీరపు ఉప్పును లోపలికి చేర్చగల సాధనం దొరికిన తరువాతనే చవుటి ఉప్పును అణచివేయడం ప్రభుత్వానికి సాధ్యమైంది. అంతకుముందు నిషేధిస్తే సీమ ఉప్పులేకుండా పోయేది. 1876లో మద్రాసు ప్రభుత్వం ఉప్పు వ్యవహారాలపై ఒక కమిషన్ నియమించింది. 1880ల నాటికి దత్తమండలాలలో చవుటి ఉప్పు తయారీ అణగారింది. 1889 మద్రాసు ఉప్పు చట్టం ఆ స్థితికి పూర్తి చట్టరూపం ఇచ్చింది. చిత్తడి ఉప్పు, దానంతట అదే పేరిన ఉప్పు, చవుటి మట్టినుంచి తీసిన ఉప్పు, ఉప్పునీరు సైతం ఆ చట్టపు నిర్వచనంలో చేరాయి. పెట్లుప్పు తయారీ కూడా దాని అదుపులోకి వచ్చింది.

4. శుద్ధి అన్న వాదం

చవుటి ఉప్పు మలినమైనదన్న అభ్యంతరాన్ని వలసపాలకుల సాకుగా పూర్తిగా కొట్టివేయడం తేలిక. రసాయనం మాత్రం అంత తేలికగా ఒప్పుకోదు. నిల్వ ఆహారం దృష్టితో చూస్తే అందులోని మలినాలు మూడు రకాలుగా అడ్డుపడతాయి. మెగ్నీషియం లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. అటువంటి ఉప్పు శ్రావణంలో చెమ్మగిల్లుతుంది. సోడా క్షారగుణం కలది. చింతకాయ, నిమ్మకాయల పులుపును అది కొంత విరిచేస్తుంది, పులుపు తగ్గినచోట ఊరగాయకు రక్షణ సగమవుతుంది. సోడియం సల్ఫేటు బరువు పెంచుతుందే కాని నిలిపే శక్తి పెంచదు, ఎక్కువైతే విరేచనకారి. పెట్లుప్పు సంగతి మరీ చిత్రమైనది. మాంసంలో అది నైట్రైటుగా మారి ఎరుపు నిలుపుతుంది, బొటులిజాన్ని అడ్డుకుంటుంది. మోతాదు మించితే అదే హానికరం. నేడు మాంస పరిశ్రమలో నైట్రేటు, నైట్రైటులపై కఠిన పరిమితులు ఉన్నది ఇందుకే.

కాబట్టి ప్రశ్న సరైనదే. సమాధానం మాత్రం ఆ ప్రశ్నకు చెప్పినది కాదు. చవుటి ఉప్పు ఎంత శుద్ధంగా ఉంటే అమ్మవచ్చునో చెప్పే ప్రమాణం ఆ చట్టానికి కేంద్రం కాలేదు. పన్ను కట్టినదా కాదా అన్నదే కేంద్రం. పన్ను కట్టని ఉప్పు ఎంత తెల్లనిదైనా దొంగ ఉప్పు. తీరంలో సముద్రపునీరు దానంతట అదే ఎండి పేరిన ఉప్పును ఉప్పు శాఖ సిబ్బంది నాశనం చేయించేవారు. దానికి మలినమన్న కారణం చెప్పే వీలు కూడా లేదు. ఆరోగ్యవాదం ఆదాయవాదానికి ముసుగుగా పనిచేసిందని ఇక్కడ చెప్పడం అతిశయోక్తి కాదు.

5. కరువు ఏటి లెక్క

1876–78 కరువు దత్తమండలాలను తుడిచిపెట్టింది. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు, కడప జిల్లా జనాభా దాదాపు ఆరోవంతు తగ్గింది. 1877 ఆరంభంలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని పెద్దవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై అర అణాకు కుదించాడు. మద్రాసు పారిశుధ్య కమిషనరు విలియం కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. కొన్ని నెలల తరువాత ఆ కూలి సవరణకు లోనైంది. అర్ధాకలి మీద చరిత్రకారులు చేసిన చర్చ అంతా ఆ పౌను ధాన్యం చుట్టూ తిరిగింది. ఉప్పు, మిరప, పప్పు, కట్టెలన్నింటికీ సరిపెట్టుకోవలసిన అర అణా చర్చలోకి అంతగా రాలేదు.

ఆ ఏడాది డిసెంబరులోనే మద్రాసులో ఉప్పు పన్నును మణుగుకు 1 రూపాయి 13 అణాలనుంచి 2 రూపాయల 8 అణాలకు పెంచారు. 29 అణాలు 40 అణాలయ్యాయి. పెంపు దాదాపు 38 శాతం. మణుగుకు సుమారు 82 పౌన్లు. అంటే పౌను ఉప్పుమీద పన్ను ఒక్కటే దాదాపు అర అణా. ఉప్పు తయారీఖర్చు, రవాణా, వర్తకుని లాభం దీనికి అదనం. ఆ ఏటి ఆరంభంలో ఒక కూలీ చేతికిచ్చిన రోజువారీ నగదు భాగం ఎంతో, ఏడాది చివరికి పౌను ఉప్పు పన్ను అంత. కరువు నెలల్లో ఊరగాయ పెట్టుకొనేవారు ఉండరు, నిజమే. కాని చస్తున్న పశువుల మాంసాన్ని, తోళ్లను నిలపడానికి ఉప్పు అవసరపడేది సరిగ్గా అప్పుడే. మళ్లీ వానలు పడి చింతలు కాసినప్పుడు జాడి నింపుకోవడానికి చేతిలో ఉండవలసినదీ అదే. నిల్వ ఆహారం ఖర్చులో కాయ పెరటిది, ఎండ ఊరికే దొరికేది. డబ్బు పెట్టి కొనవలసినది ఉప్పు ఒక్కటే. పన్ను పడినది దానిమీదనే. 1882లో దేశమంతటా పన్నును 2 రూపాయలకు తగ్గించారు, 1888లో మళ్లీ రెండున్నరకు పెంచారు. 1903 తరువాతగాని క్రమంగా దిగిరాలేదు.

6. నేరమైన వృత్తులు

వృత్తి పోయిన ఉప్పరులు మట్టిపని పట్టారు. చెరువుకట్టలు, కాలువలు, రోడ్డుపనులు, రైలుకట్టల నిర్మాణంలో వారి శ్రమ ఉంది. 1909లో వెలువడిన థర్‌స్టన్ కులాల గ్రంథం ఉప్పరుల ఉప్పు తయారీని దాదాపు గతించిన విషయంగా వర్ణిస్తుంది. మట్టిని నాలుకతో పరీక్షించిన మనుషులు మట్టిని తట్టలకెత్తే కూలీలయ్యారు. వారికి కనీసం బతుకు దొరికింది.

ఎరుకలవారికి జరిగినది ఇంకా కఠినమైనది. ఉప్పు వర్తకంలో తిరుగుతూ బతికినవారిని, ఆ వర్తకం రైలుపాలైన తరువాత, తిరుగుతున్నారన్న కారణంతోనే అనుమానితులను చేశారు. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వర్తించడంతో ఆ అనుమానం ముద్రగా మారింది. కొరవ, ఎరుకల సమాజాల ఉప్పు వర్తకానికీ, ఈ ముద్రకూ మధ్య ఉన్న సంబంధాన్ని మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన పరిశోధనలో వివరంగా నిరూపించారు. ఆ చట్టం 1952లో రద్దయింది. తెలుగులో ఉప్పు సత్యాగ్రహం మీద వచ్చిన రచనలతో పోలిస్తే ఈ అధ్యాయం మీద వచ్చినవి బహుస్వల్పం. సీమ విశ్వవిద్యాలయాల పరిశోధకులకు ఇది ఇంకా తెరిచి ఉన్న క్షేత్రం.

1931 మార్చి గాంధీ–ఇర్విన్ ఒప్పందం ఉప్పు దొరికే చోట్లను ఆనుకొని ఉన్న గ్రామాలవారు ఇంటి వాడకానికి, ఆ గ్రామాల్లోనే అమ్మకానికి ఉప్పు తీసుకోవచ్చునన్నది. బయటికి అమ్మరాదు. తీరపు గ్రామానికి ఈ వెసులుబాటు ఎంతో కొంత పనికివచ్చేది. మోడ దిబ్బలు చెదిరిపోయి, ఆ పని తెలిసిన తరం గతించి అర్ధశతాబ్దం కావస్తున్న సీమలో అది కాగితం మీది హక్కు. పన్ను 1947లో రద్దయ్యేనాటికి వేంపల్లె వంటి ఊళ్లలో ఉప్పంటే తీరంనుంచి వచ్చేదేనన్న భావన సహజమైపోయింది.

7. స్వతంత్ర భారతంలో: మొదటి తరగతి, రెండవ తరగతి

1955 ఆహార కల్తీ నిరోధక నిబంధనలు సంరక్షకాలను రెండు తరగతులు చేశాయి. ఉప్పు, చక్కెర, వినెగరు, మసాలాలు, తేనె, వంటనూనెలు మొదటి తరగతి; వీటికి గరిష్ఠ పరిమితి విధించలేదు. బెంజోయిక్ ఆమ్లం, సల్ఫ్యూరస్ ఆమ్లాల లవణాలు, నైట్రేట్లు, సార్బిక్ ఆమ్లం రెండవ తరగతి. ఏ ఆహారంలో ఎంతవరకో పట్టిక ఉండేది. ఊరగాయలో బెంజోయిక్ ఆమ్లం కిలోకు 250 మిల్లీగ్రాములు మించరాదని నియమం ఉండేది. ఉప్పునీటిలో ఊరవేసిన కాయలకు మాత్రం ఉప్పు 12 శాతానికి తగ్గరాదని ఉండేది. ఒకదానికి పై హద్దు, మరొకదానికి కింది హద్దు. కుళ్లు, విషం అన్న తక్షణ ప్రమాదాల దృష్టిలో ఈ ఏర్పాటు నిర్దుష్టమైనది.

ఇంతలో ఉప్పుకు మరొక బాధ్యత అప్పగించారు. గాయిటర్ నివారణకై 1962లో మొదలైన జాతీయ కార్యక్రమం కొనసాగింపుగా, అయోడిన్ చేర్చని ఉప్పును నేరుగా తినడానికి అమ్మరాదన్న నిషేధం 1990ల చివర వచ్చి, 2000లో తొలగి, 2006 మే 17నుంచి తిరిగి అమలులోకి వచ్చింది. ఇదీ ఉప్పు శుద్ధిని గురించిన ఆజ్ఞే. ఈసారి దాని వెనక ఖజానా లేదు, వైద్యం ఉంది. రెండు నిషేధాలనూ ఒకేగాట కట్టి మాట్లాడేవారి వాదం ఇక్కడ నిలవదు.

అయినా జాడి దగ్గర కల్లుప్పుకే ఇప్పటికీ గౌరవం. పొడి ఉప్పుతో, అయోడిన్ ఉప్పుతో ఊరగాయ చెడుతుందన్న నమ్మకం సీమలో బలంగా ఉంది. అయోడిన్ ఊరగాయను పాడుచేస్తుందనడానికి ప్రయోగాధారం లేదు. అసలు చిక్కు కొలతలో ఉంది. వంటింటి కొలత తూకం కాదు. సోల, గిద్ద, దోసిలి. గిద్దెడు కల్లుప్పులో గళ్ల మధ్య ఖాళీలుంటాయి. గిద్దెడు పొడి ఉప్పు అంతకంటే బరువు. పాత కొలతతో కొత్త ఉప్పు పోస్తే తొక్కు ఉప్పు కషాయమవుతుంది. అది చూసి చెయ్యి తగ్గిస్తే బూజు పడుతుంది. తప్పు అయోడిన్ మీద పడుతుంది.

పెద్దలు రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రక్తపోటు, గుండెజబ్బుల లెక్కల నుంచి వచ్చిన హద్దు ఇది. 12 శాతం ఉప్పు ఉన్న ఊరగాయను భోజనంలో 20 గ్రాములు వేసుకుంటే 2.4 గ్రాముల ఉప్పు అందులోనే వచ్చేస్తుంది. రోజు మొత్తానికి చెప్పిన దానిలో దాదాపు సగం. అదే ముక్కలో చట్టం అనుమతించిన గరిష్ఠ బెంజోయిక్ ఆమ్లం 5 మిల్లీగ్రాములు. సీసామీది చీటీలో రెండవ తరగతి సంరక్షకం పేరు చూసి వెనక్కి పెట్టేవారు, అందులోని ఉప్పును లెక్కించరు. పొలంలో పగలంతా చెమటోడ్చి రాగిసంగటితో తొక్కు తిన్న శరీరం వేరు. దుకాణంలో కూర్చొని అదే తొక్కును వరియన్నంతో రెండుపూటలా తినే శరీరం వేరు. వేంపల్లె సంతలో కల్లుప్పు బస్తా ముందు ఇప్పుడు ఈ రెండు శరీరాలూ పక్కపక్కనే నిలబడుతున్నాయి, ఇద్దరి దోసిలి కొలతా ఒక్కటే.